సాకెట్‌లో సగం మాట: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే చిక్కు గురించి: నెట్‌వర్క్ కనెక్షన్ (ప్రోగ్రాము వైపు దాని కొసనే సాకెట్ అంటారు) మీద ఆగకుండా వచ్చే డేటాను ప్రోగ్రాములో చదవడం. జమ్మికుంట ఉత్తరానికి ఎక్కువ చోటు ఇచ్చాం. అక్కడ ఒక అంకె జారితే పత్తి తెచ్చిన రైతు చిట్టీ మారిపోతుంది.

ప్రశ్న: మా జిన్నింగ్ మిల్లుల ధర్మకాంటా ఇండికేటర్‌కు, సీరియల్ నుంచి ఈథర్నెట్‌కు మార్చే డబ్బా పెట్టినం. పైథాన్ ప్రోగ్రాము 10 సెకన్లకోసారి రిసీవ్(1024) అని పిలిచి, వచ్చినదాంట్ల చివరి లైను తీసుకుంటది. ఇండికేటర్ సెకనుకు 10 లైన్లు పంపుతది. ఒక్కో లైనుల ప్లస్ గుర్తు, ఆరంకెలు, కేజీ అని రెండు ఇంగ్లిషు అక్షరాలు, చివర లైను ముగింపు రెండు బైట్లు. లారీ బరువు 18,460 కిలోలైతే స్క్రీను మీద 18, తర్వాత 184, తర్వాత 1,846 అని మెట్లెక్కినట్టు వస్తున్నది. పైగా మధ్యాహ్నమయ్యేసరికి కొత్త లారీ ఎక్కినా ముందటి లారీ బరువే కనవడుతది. డబ్బా మార్చినం, కేబుల్ మార్చినం, ఫాయిదా లేదు.
— మిల్లు ఉద్యోగి, జమ్మికుంట

జవాబు: డబ్బా, కేబుల్ రెండూ మంచివే. మీ ఉత్తరంలో "మెట్లెక్కినట్టు" అన్న మాటతోనే తప్పు ఎక్కడుందో తెలిసిపోయింది. లెక్క వేసి చూద్దాం.

ఒక లైను 11 బైట్లు: గుర్తు 1, అంకెలు 6, కేజీ 2, ముగింపు 2. సెకనుకు 10 లైన్లంటే 110 బైట్లు. మీ ప్రోగ్రాము నిద్రపోయే 10 సెకన్లలో 1,100 బైట్లు వచ్చి ఆపరేటింగ్ సిస్టమ్ బఫర్‌లో, అంటే వచ్చిన డేటా ఆగే తాత్కాలిక చోట్లో, కూర్చుంటాయి. మీరు అడిగేది 1,024. దాన్ని 11తో భాగిస్తే 93 లైన్లు పోను 1 బైటు మిగులుతుంది. అంటే ప్రతిసారీ మీ కోత వెనకటి కోత కన్నా ఒక్క బైటు ముందుకు జరిగి పడుతోంది. ఒకసారి చివరి ముక్క "+018" అయితే, మరో 10 సెకన్లకు "+0184", ఆ తర్వాత "+01846". పైథాన్ వీటిలో దేన్నీ తప్పు పట్టదు, అన్నీ దానికి సరైన అంకెలే. ఆరో అంకె కూడా చేరిన ఒక్కసారి మాత్రం 18,460 వస్తుంది.

మీ డబ్బాకూ ప్రోగ్రాముకూ మధ్య డేటా నడిపే పద్ధతి పేరు టీసీపీ. టీసీపీ కనెక్షన్ శ్రీరాంసాగర్ కాకతీయ కాలువ లాంటిది. పైన ఎన్ని తూములు ఎన్నిసార్లు ఎత్తారో కింద పొలం దగ్గర నీళ్లు చూసి చెప్పలేం. వరుస తప్పకుండా బైట్లను చేర్చడం వరకే టీసీపీ హామీ. లైను, రికార్డు, సందేశం అన్న మాటలు దానికి తెలియవు. 1981 నాటి మూల ప్రమాణంలోనూ, దాని స్థానంలో 2022లో వచ్చిన కొత్త పత్రంలోనూ ఉన్నది ఇదే. రిసీవ్(1024) అంటే "1,024 బైట్లు తెచ్చిపెట్టు" అని కాదు, "ఇప్పుడు ఎన్ని ఉంటే అన్ని, 1,024కు మించకుండా ఇవ్వు" అని.

మీరు నిద్ర తీసేసి వెంటవెంటనే చదివినా లైన్లు తెగుతూనే ఉంటాయి. ఇండికేటర్ 9600 బాడ్ (సెకనుకు 9,600 బిట్లు) మీద పనిచేస్తుంటే స్టార్ట్, స్టాప్ బిట్లతో కలిపి బైటుకు 10 బిట్లు, సెకనుకు 960 బైట్లు. మీ 11 బైట్ల లైను తీగ దాటడానికే 11 మిల్లీసెకన్లకు పైగా పడుతుంది. ఆలోగా డబ్బా ఎక్కడ విరిచి ప్యాకెట్ కట్టినా అది న్యాయమే.

ఇక రెండో జబ్బు, పాత బరువు. 10 సెకన్లకు 1,100 వస్తే 1,024 తీస్తున్నారు, 76 మిగిలిపోతున్నాయి. గంటకు 27,360 బైట్లు పేరుకుంటాయి. సెకనుకు 110 చొప్పున చూస్తే అది 4 నిమిషాల 8 సెకన్ల కిందటి బరువు. పేరుకున్నది 64 కిలోబైట్లయితే దాదాపు 10 నిమిషాలు వెనకబడతారు. ఆలోగా కాంటా మీద లారీ మారిపోయి ఉంటుంది. ఇది మొదటిదాని కన్నా ప్రమాదం, ఎందుకంటే 184 కిలోల లారీ అంటే ఎవరికైనా అనుమానం వస్తుంది. ముందు లారీ బరువు చూసి ఎవరూ అనుమానించరు.

చదివే పనికి ఒక థ్రెడ్ (ప్రోగ్రాములోనే విడిగా నడిచే పని) వేరుగా పెట్టండి. అది ఎప్పుడూ నిద్రపోకూడదు. దాని పని ఇంతే:

బఫర్ = ఖాళీ
ఆగకుండా చేస్తూ ఉండు:
  ముక్క = రిసీవ్(4096)
  ముక్క ఖాళీ అయితే: కనెక్షన్ మూసెయ్, బఫర్ ఖాళీ చెయ్, మళ్లీ కలుపు
  బఫర్ చివర ముక్కను అతికించు
  బఫర్‌లో లైను ముగింపు కనబడినంతసేపూ:
    మొదటి ముగింపు దాకా కోసి బయటికి తియ్
    లైను సరిగ్గా ఉంటేనే: తాజా బరువు = అంకె, సమయం = ఇప్పుడు

"సరిగ్గా" అంటే ముగింపు పోను 9 బైట్లు ఉండాలి, మొదట ప్లస్ లేదా మైనస్, తర్వాత ఆరూ అంకెలే, చివర కేజీ. ఒక్కటి తప్పినా పారేయండి, 100 మిల్లీసెకన్లలో ఇంకోటి వస్తుంది. కనెక్షన్ కలిసిన క్షణాన మొదటి లైను మధ్యలోంచే మొదలవుతుంది, ఈ పరీక్ష దాన్నీ ఆపుతుంది. కోయగా మిగిలిన తోకను మాత్రం ఎప్పుడూ పారేయకండి. తర్వాతి ముక్క దానికే అతకాలి. చాలామంది లూపు మొదట్లో బఫర్‌ను మళ్లీ ఖాళీ చేసి, తిరిగి అదే గోతిలో పడతారు.

బఫర్ 4,096 బైట్లు దాటినా లైను ముగింపు రాలేదంటే బాడ్ రేటు కలవక చెత్త వస్తున్నట్టు. అప్పుడు కనెక్షన్ మూసి ఎర్రర్ చూపించండి.

చిట్టీ కొట్టే భాగం సాకెట్‌ను అసలు ముట్టుకోవద్దు. తాజా బరువు, దాని సమయం తీసుకుంటే చాలు. ఆ సమయం 2 సెకన్ల కన్నా పాతదైతే చిట్టీ రాకూడదు. వరుసగా 20 రీడింగులు, అంటే 2 సెకన్ల పాటు, ఒకే బరువు ఉంటేనే ప్రింట్ బటన్ పనిచేసేట్టు పెట్టండి. లారీ ఇంకా ఊగుతుండగా తూకం పడదు.

ప్రశ్న: ఫొటో పంపే ప్రోగ్రాము రాశాను. సర్వర్, క్లయింట్ రెండూ నా లాప్‌టాప్‌లోనే నడిపితే బాగుంది. స్నేహితుడి గదిలోని లాప్‌టాప్‌కు వైఫైలో పంపితే ఫొటో పైభాగం వచ్చి కిందంతా బూడిద రంగు. సైజు ముందే పంపి, రిసీవ్(సైజు) అనే రాశాను కదా సార్?
— బీటెక్ మూడో సంవత్సరం, హన్మకొండ

జవాబు: సైజు ముందే పంపడం మంచి పద్ధతి, దాన్ని వదలకండి. లోపం రిసీవ్‌ను ఒక్కసారే పిలవడంలో ఉంది.

లాప్‌టాప్ లోపలే నడిచే లూప్‌బ్యాక్ దారిలో, లినక్స్‌లో ప్యాకెట్ హద్దు 65,536 బైట్లు. వైఫై, ఈథర్నెట్‌లో మామూలుగా 1,500. అందులో ఐపీ హెడర్‌కు 20, టీసీపీ హెడర్‌కు 20 బైట్లు తీసేస్తే 1,460. మీ ఫొటో 2 ఎంబీ అనుకుంటే 20,97,152 బైట్లు, కనీసం 1,437 ముక్కలుగా గాలిలో వెళ్తుంది. మీరు రిసీవ్ పిలిచే వేళకు ఎన్ని చేరి ఉంటే అన్నే ఇస్తుంది. సొంత లాప్‌టాప్‌లో పనిచేసింది కాబట్టి కోడ్ సరైనదే అనుకోవద్దు, అక్కడ కూడా హామీ ఏమీ లేదు.

కావలసినన్ని బైట్లు చేరేదాకా చదివే చిన్న ఫంక్షన్ ఒకటి రాసుకోండి:

పూర్తిగా_చదువు(ఎన్ని):
  బఫర్ = ఖాళీ
  బఫర్ పొడవు ఎన్ని కన్నా తక్కువ ఉన్నంతసేపూ:
    ముక్క = రిసీవ్(ఎన్ని − బఫర్ పొడవు)
    ముక్క ఖాళీ అయితే: "మధ్యలో తెగింది" అని ఎర్రర్
    బఫర్‌కు ముక్కను కలుపు
  బఫర్ తిరిగి ఇవ్వు

మొదట పూర్తిగా_చదువు(4) పిలిచి సైజు తెలుసుకోవాలి, తర్వాత పూర్తిగా_చదువు(సైజు). ఆ నాలుగు బైట్లకు కూడా ఇదే ఫంక్షన్ వాడండి. నాలుగే కదా, ఒకేసారి వస్తాయిలే అనుకుంటే ఏదో ఒక రోజు రెండే వస్తాయి. బ్రాకెట్లో "ఎన్ని − బఫర్ పొడవు" అన్నది కూడా గమనించండి. అక్కడ 4096 అని రాస్తే తర్వాతి ఫొటో తల ఈ ఫొటో తోకకు అంటుకుంటుంది.

ఈ పనికి తయారు ఫంక్షన్లు ఉన్నాయి. జావాలో డేటా ఇన్‌పుట్ స్ట్రీమ్‌కు రీడ్‌ఫుల్లీ, గో భాషలో ఐఓ ప్యాకేజీలోని రీడ్‌ఫుల్, పైథాన్ అసింక్‌ఐఓలో రీడ్‌ఎగ్జాక్ట్‌లీ. సీ భాషలో వెయిట్ఆల్ అనే ఫ్లాగ్ ఉంది కానీ, ఆపరేటింగ్ సిస్టమ్ సిగ్నల్ తగిలితే అదీ తక్కువ బైట్లతో తిరిగి రావచ్చు. కాబట్టి సీలో లూపే నమ్మకం. జావా వాళ్లు అవైలబుల్ అన్న ఫంక్షన్ చూసి "ఇక అయిపోయింది" అనుకుంటారు. అది సున్నా ఇచ్చిందంటే ఈ క్షణాన చేతిలో ఏమీ లేదని మాత్రమే.

సైజును నాలుగు బైట్లుగా మార్చేటప్పుడు రెండు వైపులా ఒకే వరుస ఉండాలి. నెట్‌వర్క్ ఆనవాయితీ పెద్ద బైటు ముందు. 300 అంటే 0, 0, 1, 44. అదే నాలుగింటిని తలకిందులుగా చదివితే 73,82,63,040 అవుతుంది. సర్వర్ 73 కోట్ల బైట్ల కోసం కళ్లు కాయలు కాచేలా ఎదురుచూస్తూ ఉంటుంది, ఎర్రర్ కూడా రాదు. పైథాన్ స్ట్రక్ట్ మాడ్యూల్‌లో ఆశ్చర్యార్థక గుర్తు పెట్టి ప్యాక్ చేస్తే ఈ తేడా రాదు.

సైజు చదవగానే హద్దు పరీక్ష పెట్టండి. ఫొటోలే కాబట్టి 2 కోట్ల బైట్లు దాటితే కనెక్షన్ మూసెయ్యండి. ఈ సంఖ్యను గుర్తుపెట్టుకోండి: 1,19,57,25,856. లాగులో సైజు ఇలా కనిపిస్తే ఎవరో మీ పోర్టును బ్రౌజర్‌లో తెరిచారు. బ్రౌజర్ మొదట పంపే "గెట్" అన్న మూడు ఇంగ్లిషు అక్షరాలు, వెనక ఖాళీ, అంటే 71, 69, 84, 32 అనే బైట్లు, సైజుగా చదివితే వచ్చే అంకె అది. హద్దు లేని సర్వర్ ఆ మాట నమ్మి వంద కోట్ల పైచిలుకు బైట్ల మెమరీ అడుగుతుంది.

పంపే వైపు కూడా ఒక మాట. పైథాన్‌లో సెండ్ అన్నీ పంపకపోవచ్చు, ఎన్ని పంపిందో అంకె ఇస్తుంది. సెండ్ఆల్ వాడండి.

ప్రశ్న: టీసీపీ నోడిలే అనే సెట్టింగ్ పెట్టి నేగల్ పద్ధతిని ఆపేస్తే ప్రతి సెండ్‌కూ ఒక రిసీవ్ వస్తుందని చదివాను. నిజమేనా? మధ్యలో 50 మిల్లీసెకన్ల స్లీప్ పెడితే కూడా పనిచేస్తోంది.
— కాజీపేట

జవాబు: నిజం కాదు. జాన్ నేగల్ 1984లో రాసిన ఆ పద్ధతి, వెనకటి డేటాకు రసీదు రాకముందు చిన్న చిన్న ప్యాకెట్లు పంపకుండా ఆపుతుంది. దాన్ని ఆపితే ఆలస్యం తగ్గుతుంది. అయినా అవతల బఫర్‌లో రెండు సందేశాలు కలిసిపోవచ్చు, ఒక ప్యాకెట్ పోయి మళ్లీ పంపితే మూడూ ఒక్కసారే చేతికి రావచ్చు. స్లీప్‌ది ఇంకా మోసం. నెట్‌వర్క్ తీరికగా ఉన్నప్పుడు పనిచేసి, రద్దీ ఉన్నప్పుడు చెడుతుంది. సందేశానికి పొడవైనా ముందు రాయండి, చివర గుర్తయినా పెట్టండి. మూడో దారి లేదు, అన్నీ ఒకే పొడవు సందేశాలైతే తప్ప.

ప్రశ్న: తెలుగు సందేశాలు పంపే చాట్ చేస్తున్నాం. ఇంగ్లిషు బాగానే వస్తుంది. పెద్ద తెలుగు పేరా పంపితే మధ్యలో ఒకటి రెండు చోట్ల నల్లటి వజ్రంలో ప్రశ్నార్థకం వస్తోంది, కొన్నిసార్లు ప్రోగ్రామే డీకోడ్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతోంది. ఫాంట్ మార్చి చూశాం.
— కరీంనగర్

జవాబు: ఫాంటుకు సంబంధం లేదు. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లిషు అక్షరం 1 బైటు, తెలుగులో ప్రతి గుర్తూ 3 బైట్లు. "వరంగల్" అని రాస్తే వ, ర, సున్న, గ, ల, పొల్లు. ఆరు గుర్తులు, 18 బైట్లు. వ అంటే 224, 176, 181. తెలుగు గుర్తు ఏదైనా మొదటి బైటు 224, రెండోది 176 లేదా 177. మీరు 1,024 బైట్లు చదివి వెంటనే డీకోడ్ చేస్తే, అంటే అక్షరాలుగా మారిస్తే, అందులో 341 తెలుగు గుర్తులు పోను ఒక 224 ఒంటరిగా మిగులుతుంది. దాని మిగతా రెండు బైట్లు తర్వాతి ముక్కలో ఉన్నాయి. రెండు వైపులా చెల్లని బైట్లే కాబట్టి అతుకు దగ్గర ప్రశ్నార్థకాలు.

1,023 అని మారిస్తే పోదు. పదాల మధ్య ఖాళీ 1 బైటే, లెక్క మొదటి ఖాళీకే తప్పుతుంది. పైగా రిసీవ్ అడిగినన్ని ఇవ్వదని పైన చెప్పుకున్నాం. తప్పులను వదిలేయమని డీకోడర్‌కు చెప్పే పద్ధతి కొందరు వాడతారు. దయచేసి వద్దు, అది అక్షరాన్ని మింగేసి తప్పును దాచేస్తుంది. పొల్లు పోతే "వరంగల్" కాస్తా "వరంగల" అవుతుంది, మనిషి పేరులో అయితే ఎవరికీ తెలియను కూడా తెలియదు.

సందేశానికి హద్దు ఉంటే ముందు బైట్లుగానే కోసి, పూర్తి సందేశం చేతికొచ్చాకే డీకోడ్ చేయండి. లైను ముగింపు దగ్గర కోసినా భయం లేదు. దాని విలువ 10, తెలుగు గుర్తుల బైట్లన్నీ 128 లేదా ఆపైనే కాబట్టి మధ్యలో 10 రాదు. హద్దు లేకుండా వస్తూనే ఉండే పాఠమైతే పైథాన్ కోడెక్స్ మాడ్యూల్‌లోని ఇంక్రిమెంటల్ డీకోడర్ వాడండి. తెగిన బైట్లను అది తన దగ్గర ఉంచుకొని తర్వాతి ముక్కతో కలుపుతుంది. కనెక్షన్‌కు ఒక డీకోడర్ ఉండాలి, ఇద్దరి సందేశాలకు ఒకటే వాడితే ఒకరి అక్షరం మరొకరికి అంటుకుంటుంది. ముందు పొడవు రాసే పద్ధతిలో ఆ పొడవు బైట్లలో ఉండాలి. "వరంగల్" పొడవు 6 అని రాస్తే అవతలివాళ్లకు "వర" మాత్రమే చేరుతుంది, మిగతా 12 బైట్లు తర్వాతి సందేశంగా చదువుతారు. ఇంగ్లిషుతో పరీక్షించినంత కాలం ఈ తప్పు బయటపడదు.

ప్రశ్న: చెరువుల నీటిమట్టం చూసే సెన్సర్లు, సిమ్ మోడెమ్‌తో 5 నిమిషాలకోసారి మా సర్వర్‌కు రీడింగ్ పంపుతాయి. కరెంటు పోయి వచ్చాక కొన్ని చెరువులు సర్వర్‌లో "కనెక్టెడ్" అనే ఉంటాయి, రీడింగ్ మాత్రం గంటల తరబడి రాదు. ఎర్రర్ లేదు. ఇంకోవైపు కొన్నిసార్లు సర్వర్ సీపీయూ 100 శాతానికి వెళ్తుంది.
— ములుగు

జవాబు: రెండూ రిసీవ్ ఇచ్చే జవాబును సరిగా అర్థం చేసుకోకపోవడం వల్లే.

సీపీయూ సంగతి సులువు. రిసీవ్ ఖాళీ బైట్లు ఇచ్చిందంటే అవతలివాళ్లు మర్యాదగా కనెక్షన్ ముగించారని అర్థం, సీలో అయితే 0, జావా రీడ్‌లో −1. "డేటా ఇంకా రాలేదు" అని కాదు. మీ లూపు దాన్ని పట్టించుకోకుండా మళ్లీ పిలుస్తుంటే, ఆగకుండా ఖాళీయే వస్తుంది, సెకనుకు లక్షల సార్లు తిరుగుతుంది. ఖాళీ రాగానే సాకెట్ మూసి బయటికి రావాలి. బఫర్‌లో సగం సందేశం ఉంటే దాన్ని లాగులో రాసి వదిలేయండి.

గంటల తరబడి మౌనం వేరు. కరెంటు పోయినప్పుడు మోడెమ్ వీడ్కోలు చెప్పే అవకాశమే లేదు. సర్వర్ వైపు కనెక్షన్ బతికే ఉన్నట్టు లెక్క. మీ సర్వర్ చదవడం తప్ప ఏమీ పంపకపోతే, అవతల ఎవరూ లేరని తెలిసే దారే లేదు, రోజులైనా అలాగే కూర్చుంటుంది. మౌనంగా ఉన్న కనెక్షన్‌ను అప్పుడప్పుడూ పలకరించే కీప్‌అలైవ్ పెడితే తెలుస్తుంది కానీ లినక్స్‌లో డిఫాల్టు చూడండి: 7,200 సెకన్లు మౌనంగా ఉంటే మొదటి పలకరింపు, తర్వాత 75 సెకన్లకొకటి చొప్పున 9. మొత్తం 7,875 సెకన్లు, 2 గంటల 11 నిమిషాల 15 సెకన్లు. అది కూడా సాకెట్‌కు కీప్‌అలైవ్ ఆన్ చేస్తేనే. వానాకాలం చెరువుకు రెండు గంటలంటే ఎంత తేడానో మీకు చెప్పనక్కరలేదు. దాన్ని 60, 10, 3కు మార్చుకోండి, 90 సెకన్లలో తేలుతుంది.

దాంతోనే సరిపెట్టుకోకుండా పరికరమే 60 సెకన్లకోసారి చిన్న "ఉన్నాను" సందేశం పంపేట్టు చేయండి. సర్వర్ 180 సెకన్లు ఏమీ వినకపోతే సాకెట్ మూసెయ్యాలి. మొబైల్ నెట్‌వర్క్‌లో మధ్యలో ఉండి చాలా పరికరాలకు ఒకే చిరునామా పంచే నాట్ పరికరాలు మౌనంగా ఉన్న కనెక్షన్లను తరచు నిమిషాల్లోనే మరచిపోతాయి, ఈ పలకరింపు వాటినీ మేలుకొలుపుతుంది.

పరికరం మళ్లీ కలిసేటప్పుడు 1, 2, 4, 8 సెకన్లు అని 60 దాకా పెంచుతూ ఆగాలి, ప్రతిదానికీ కొంచెం యాదృచ్ఛికం కలపాలి. మండలమంతా కరెంటు ఒక్కసారే వస్తుంది, అన్ని మోడెమ్‌లూ ఒకే సెకనులో తలుపు కొడితే సర్వర్ తట్టుకోవడం కష్టం. అదే చెరువు నంబరుతో కొత్త కనెక్షన్ రాగానే పాతదాన్ని మూసి, పాత బఫర్‌ను దాంతోపాటే పారేయండి. బఫర్‌ను చెరువు నంబరుకు కట్టిన కోడ్‌లో, పాత సగం లైనుకు కొత్త లైను అతుక్కొని మట్టం 12.4 అడుగులు కాస్తా 1212.4 అవుతుంది.

ఇంకోటి. పరికరంలో సెండ్ విజయవంతం అయిందంటే డేటా ఆ పరికరం సొంత బఫర్‌లోకి చేరిందనే. సర్వర్‌కు అందిందని కాదు. ప్రతి రీడింగుకూ వరుస సంఖ్య ఇచ్చి, సర్వర్ ఆ సంఖ్యను తిరిగి పంపేదాకా పరికరం దాన్ని దాచుకోవాలి. మళ్లీ వచ్చిన సంఖ్యను సర్వర్ గుర్తించి వదిలేయాలి.

ప్రశ్న: మరమగ్గాల మీటర్ కౌంటర్ల డేటా ఒక సర్వర్‌కు వస్తుంది. డేటాబేస్ మెల్లగా రాస్తుంది. మేం చదవడం ఆలస్యమైతే డేటా పోతుందా?
— సిరిసిల్ల

జవాబు: టీసీపీలో పోదు. మన చెరువు నిండితే మత్తడి దుంకుతుంది, టీసీపీ చెరువుకు మత్తడి లేదు. మీ బఫర్ నిండుతున్నకొద్దీ "ఇంక ఇన్ని బైట్లే పంపు" అని అవతలికి కబురు వెళ్తుంది, నిండితే ఆ అంకె సున్నా. అప్పుడు పంపేవాళ్ల బఫర్ నిండి, వాళ్ల సెండ్ ఆగిపోతుంది. సమస్య అక్కడే ఉంది: ఒకే థ్రెడ్ మీటర్ లెక్కా పెట్టి డేటా కూడా పంపుతుంటే, సెండ్ ఆగినంతసేపు లెక్క కూడా ఆగుతుంది. పరికరంలో లెక్క వేరు, పంపడం వేరు చేయండి. సర్వర్‌లో చదివే థ్రెడ్‌కూ డేటాబేస్ థ్రెడ్‌కూ మధ్య హద్దున్న క్యూ (రికార్డులు ఆగే వరుస) పెట్టండి, 10,000 రికార్డులు అనుకుందాం. హద్దు లేని క్యూ పెడితే మెమరీ అయిపోయి ప్రోగ్రామే పడిపోతుంది, అందులోని రికార్డులన్నీ పోతాయి. అందిందో లేదో చూడకుండా పంపేసే యూడీపీ పద్ధతి వాడుతుంటే మాత్రం నిండిన తర్వాత వచ్చిన ప్యాకెట్లు చడీచప్పుడు లేకుండా పోతాయి.

ప్రశ్న: సర్వర్ ఒక్కో మాట చొప్పున జవాబు పంపే హెచ్‌టీటీపీ స్ట్రీమింగ్ చేస్తున్నాను. నా కంప్యూటర్‌లో మాట మాటా వస్తోంది, సర్వర్ మీద పెట్టాక అంతా చివర్లో ఒక్కసారే వస్తోంది.
— నిజామాబాద్

జవాబు: మధ్యలో ఎవరో పోగు చేస్తున్నారు. ముందు కర్ల్ అనే కమాండ్‌ను బఫర్ వద్దనే మైనస్ ఎన్ ఆప్షన్‌తో, సర్వర్ లోపల్నుంచి నేరుగా మీ అప్లికేషన్ పోర్టుకు కొట్టండి. అక్కడ మాట మాటా వస్తే తప్పు మీ అప్లికేషన్ ముందున్న ఎన్‌జింక్స్ అనే ప్రాక్సీ (మధ్యవర్తి) సర్వర్‌ది. ప్రాక్సీ బఫరింగ్ ఆఫ్ చేయండి, ఆ దారికి జీజిప్ కుదింపు కూడా తీసేయండి. అక్కడా ఒక్కసారే వస్తే మీ అప్లికేషన్ ఫ్లష్ చేయడం లేదు, అంటే పోగైనదాన్ని వెంటనే బయటికి పంపడం లేదు. క్లయింట్ పైథాన్ రిక్వెస్ట్స్ అయితే స్ట్రీమ్ ట్రూ అని ఇచ్చారా చూడండి, లేకపోతే మొత్తం వచ్చేదాకా అది చేతికివ్వదు.

జవాబును ముక్కలు (చంక్‌లు)గా పంపే చంక్‌డ్ పద్ధతిలో ప్రతి చంక్ ముందు పదహారు ఆధారపు అంకెలో సైజు ఉంటుంది, సున్నా సైజు చంక్‌తో ముగుస్తుంది. ఒక చంక్ ఒక సందేశం అని మాత్రం అనుకోవద్దు, మధ్యలో ప్రాక్సీ వాటిని కలిపి మళ్లీ విడగొట్టవచ్చు. ఈవెంట్ స్ట్రీమ్ అయితే ఖాళీ లైను వస్తేనే ఒక ఈవెంట్ పూర్తయినట్టు. అక్కడిదాకా బఫర్‌లో ఉంచి, అప్పుడే లోపలి జేసన్ డేటాను విప్పండి.

ప్రశ్న: ఏ సాకెట్‌లో డేటా వచ్చిందో చెప్పే సెలెక్ట్‌తో మామూలు సాకెట్ బాగుంది. డేటాను గుప్తం చేసే టీఎల్ఎస్ పెట్టాక చివరి సందేశం ఇరుక్కుపోతోంది, తర్వాతిది వచ్చాకే బయటికొస్తోంది.
— మడికొండ ఐటీ పార్కు

జవాబు: టీఎల్ఎస్ 16,384 బైట్ల దాకా ఉండే రికార్డును మొత్తంగా విప్పుతుంది. మీరు 4,096 అడిగితే అంతే ఇచ్చి మిగతాది లైబ్రరీ లోపల పెట్టుకుంటుంది. సెలెక్ట్ చూసేది కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్) బఫర్‌ను, అది ఖాళీ. కాబట్టి సెలెక్ట్‌కు వెళ్లేముందు పెండింగ్ ఫంక్షన్‌తో లోపల ఏమైనా మిగిలిందా అడిగి, ఉంటే మొత్తం తీసేయండి. పైథాన్‌లో మేక్‌ఫైల్ వాడి దాంతోపాటు రిసీవ్ కూడా పిలిచేవాళ్లకు వచ్చే జబ్బు ఇదే జాతిది: ఫైల్ వస్తువు ముందే ఎక్కువ చదివి దాచుకుంటుంది, రిసీవ్‌కు అది కనిపించదు. ఒక సాకెట్‌కు చదివే దారి ఒక్కటే ఉంచండి.

ప్రశ్న: ఇవన్నీ ఇంట్లోనే పరీక్షించే దారి ఉందా?
— జగిత్యాల

జవాబు: ఉంది, అరగంట పని. మీ డేటాను సెండ్‌తో ఒక్కో బైటు చొప్పున, నోడిలే పెట్టి, మధ్యలో 10 మిల్లీసెకన్లు ఆగుతూ పంపే చిన్న ప్రోగ్రాము రాయండి. తర్వాత దాన్నే మార్చి 50 సందేశాలను ఒకే సెండ్‌లో పంపండి. మూడోసారి సందేశం సగంలో సాకెట్ మూసెయ్యండి. నాలుగోసారి సగం పంపి మూయకుండా ఊరుకోండి. మొదటి రెండింటిలో చదివే ప్రోగ్రాము ఒకే ఫలితం ఇవ్వాలి, మూడోదాంట్లో "మధ్యలో తెగింది" అని వెంటనే చెప్పాలి, నాలుగోదాంట్లో మీరు పెట్టిన గడువుకు మూసుకోవాలి. తెలుగు పాఠం ఉంటే మొదటి పరీక్షలో పొల్లులు, ఒత్తులు ఉన్న మాటలనే పంపండి.